బండ లాగుడు పోటీలకు గోప్రో హీరో 12: ఏ సెట్టింగులో పెడితే ఎడిటింగ్‌లో ఆగదు

గోప్రో హీరో 12 బ్లాక్ మంచి కెమెరా. ఈ మాట ముందే చెప్పేస్తున్నా, కింద రాసింది చదివి ఎవరూ కొనడం మానుకోకూడదని. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో సంక్రాంతికీ, శివరాత్రికీ, తిరునాళ్లకీ జరిగే ఎడ్ల బండ లాగుడు పోటీలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. ఆ దుమ్ములో, ఆ తోపులాటలో ఇంత ధైర్యంగా బయటికి తీయగలిగే కెమెరా ఇంకొకటి నా చేతికి రాలేదు. 10 మీటర్ల లోతు నీళ్లలోనే పనిచేసేది, దుమ్ముకేం భయపడుతుంది, సాయంత్రం ఇంటికొచ్చి నీళ్లతో కడిగేస్తే సరి. కాకపోతే పెట్టె తెరిచి, మెనూలో కనిపించిన పెద్ద అంకె పెట్టేసి, రికార్డు నొక్కేసి వెళ్లిపోతే మాత్రం అసలు కష్టం ల్యాప్‌టాప్ ముందు మొదలవుతుంది.

ఆ పెద్ద అంకె 5.3కె (అడ్డంగా సుమారు 5,300 చుక్కలున్న బొమ్మ), సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు. మా చుట్టుపక్కల కొత్తగా ఛానెల్ పెట్టిన కుర్రాళ్లంతా దీని దగ్గరే ఆగిపోతున్నారు, ‘అన్నా, కెమెరా కొత్తదే, వీడియో మాత్రం ఆగి ఆగి వస్తోంది’ అని అడుగుతున్నారు. తప్పు కెమెరాది కాదు. 4కె, 5.3కె వీడియోని ఇది హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదిస్తుంది. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు, ముందూ వెనకా ఉన్న ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందో అది మాత్రమే ఉంటుంది, కాబట్టి టైమ్‌లైన్‌లో (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే చోట) మీరు ఎక్కడో మధ్యలో క్లిక్ చేస్తే ఆ ఒక్క బొమ్మ చూపించడానికి కంప్యూటర్ చాలా ఫ్రేములు విప్పుకుంటూ రావాలి. ఆ విప్పే పని ప్రాసెసర్‌లోని ప్రత్యేక భాగం చేస్తే పర్వాలేదు. ఇంటెల్‌లో అయితే 6వ తరం నుంచి 8 బిట్ (మామూలు రంగులు) హెచ్‌ఈవీసీకి, 7వ తరం నుంచి 10 బిట్‌కి (ఇంకా ఎక్కువ రంగు ఛాయలు) ఆ సదుపాయం ఉంది. అంతకంటే పాతదైతే ఎంత ర్యామ్ వేసినా లాభం లేదు. నా దగ్గరున్నది 8వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్. దాని మీద ఒక్క 4కె క్లిప్పు బాగానే ఆడుతుంది, రెండు క్లిప్పులు ఒకదానిమీద ఒకటి పెట్టి పైన పేర్లు వేస్తే మాత్రం నత్తనడక.

నేను వాడేది 4కె, 50 ఫ్రేములు, 8 బిట్, లీనియర్ లెన్స్ (గీతల్ని వంచకుండా చూపించేది), బిట్ రేట్ (సెకనుకు ఎంత డేటా రాస్తుందో అది) హై. ఇందులో 50 ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే మామూలు లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు కానీ కెమెరాకి తెలుస్తుంది. పొద్దున పాల పళ్ల విభాగంతో (పాల పళ్లు ఊడని చిన్న వయసు గిత్తలు) మొదలైన పోటీ సీనియర్స్, అంటే పెద్ద గిత్తల దగ్గరికొచ్చేసరికి రాత్రయిపోతుంది, ఫ్లడ్‌లైట్లు వేస్తారు. అప్పుడు కెమెరా 60 హెర్ట్జ్‌లో ఉంటే గిత్తల మీద నల్ల చారలు పాకుతూనే ఉంటాయి, ఆ చారల్ని ఎడిటింగ్‌లో తీయడం గగనం. ప్రిఫరెన్సెస్‌లో యాంటీ ఫ్లికర్ 50కి మారిస్తే 25, 50, 100 ఫ్రేములు వస్తాయి, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు పోతాయి. జనరేటర్ మీద నడిచే లైట్లయితే కరెంటు ఒక్క తీరున ఉండదు కాబట్టి కొద్దిగా మిగలొచ్చు, దానికేం చేయలేం.

పగలు ఎండలో ఈ గొడవ లేదు కదా, 60 పెట్టుకుంటే ఏం అంటారా? నిజమే, పైగా చాలా ఫోన్ల తెర 60 హెర్ట్జ్ కాబట్టి 30, 60 ఫ్రేముల వీడియో దాని మీద ఇంకా సాఫీగా నడుస్తుంది. కానీ పగటి క్లిప్పులు 60లో, రాత్రి క్లిప్పులు 50లో తీసి ఒకే టైమ్‌లైన్‌లో వేస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట ఫ్రేము కలపాలి, ఎక్కడో ఒకచోట తీసెయ్యాలి. సరిగ్గా బండ కదిలే చోట చిన్న కుదుపు కనబడితే మొత్తం ఊపు పోతుంది. అందుకే రోజంతా 50 లోనే ఉంచుతాను. స్లోమోషన్ కావాలంటే అప్పటికప్పుడు 4కె 100కి మార్చి, 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో నాలుగింతలు నిదానంగా చూపించొచ్చు, గిట్టలు నేలను తన్నే తీరు అప్పుడే తెలుస్తుంది.

బిట్ రేట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. దుమ్ము, జనం, ఎగిరే మట్టి, ఇవన్నీ కుదించడానికి చాలా కష్టమైన దృశ్యాలు. తక్కువ బిట్ రేట్‌లో 5.3కె కంటే ఎక్కువ బిట్ రేట్‌లో 4కె ఎంతో శుభ్రంగా ఉంటుంది. హైలో పెడితే సెకనుకు 120 మెగాబిట్ల దాకా వెళ్తుంది, అంటే నిమిషానికి సుమారు 900 ఎంబీ, గంటకు 54 జీబీ. కార్డు మీద వీ30 అని ఉండాలి, అది సెకనుకు 30 ఎంబీకి తగ్గకుండా రాస్తుందని అర్థం, కెమెరాకి కావలసింది 15 ఎంబీనే కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చు. నకిలీ కార్డులు బజారులో చాలా తిరుగుతున్నాయి, కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా నింపి చూడండి.

10 బిట్, లాగ్ రంగులు (తర్వాత దిద్దుకోవడానికని వెలిసినట్టు తీసే రంగులు) సినిమా వాళ్లలా రంగులు దిద్దుకునే ఓపిక ఉన్నవాళ్లకి. లీనియర్ ఎందుకంటే దూరం కొలిచే పోటీలో కోర్టు (బండ లాగే బరి) గీత వంకరగా కనబడకూడదు. హైపర్‌స్మూత్, అంటే వీడియో కుదుపులు తగ్గించే సదుపాయం, చేత్తో పట్టుకుని గిత్తల వెంట పరిగెత్తేటప్పుడు అద్భుతం, చూసి తీరాల్సిందే. రాత్రిపూట మాత్రం షట్టర్ నిదానమై ఒక్కో ఫ్రేము మసకగా ఉంటుంది, హైపర్‌స్మూత్ ఫ్రేముని నిలబెడుతుంది కానీ మసక అలాగే ఉండిపోయి బొమ్మ వణికినట్టు కనిపిస్తుంది. అప్పుడు స్టాండు మీద పెట్టి దాన్ని ఆపేయడమే మేలు.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. ఫ్యాన్ లేని చిన్న కెమెరా ఏదైనా సరే, మే నెలలో మన ప్రకాశం ఎండలో గాలి ఆడని చోట పెద్ద రిజల్యూషన్‌లో కదలకుండా నిలబడితే వేడెక్కి ఆగిపోతుంది. 4కెకి దిగడం వల్ల ఆ భారం కూడా తగ్గుతుంది. స్టాండు మీద ఉన్నప్పుడు లోపలి బ్యాటరీ తీసేసి పవర్ బ్యాంకుతో నడిపితే ఇంకా చల్లగా ఉంటుంది, పైన ఒక తెల్ల గుడ్డ నీడగా కట్టండి.

ఇక ఎడిటింగ్. కార్డులో ప్రతి వీడియో పక్కన ఎల్‌ఆర్‌వీ అనే ఫైలు ఒకటి ఉంటుంది, చాలామంది అదేదో చెత్త అనుకుని డిలీట్ చేస్తారు. అది అదే వీడియోకి కెమెరా తనంతట తాను చేసిన చిన్న నకలు. అసలు ఫైలు పేరు జీఎక్స్‌తో, దీని పేరు జీఎల్‌తో మొదలవుతాయి, వెనక అంకెలు రెండింటికీ ఒకటే. చివర ఎంపీ4 అని మారిస్తే ఎంత పాత ల్యాప్‌టాప్‌లోనైనా ఆడుతుంది, కటింగ్ అంతా దాని మీద చేసుకుని ఎక్స్‌పోర్టుకి ముందు అసలు ఫైలుకి మార్చుకోవచ్చు. ఫ్రేము రేటు అసలుదానితో సరిపోయిందో లేదో మాత్రం ముందు చూసుకోండి, సరిపోకపోతే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పు మీద రైట్ క్లిక్ చేసి ప్రాక్సీ (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు) తయారు చేసుకోండి. రాత్రి పడుకునే ముందు పెడితే పొద్దుటికి అయిపోతుంది. హార్డు డిస్కులో చోటు తింటుంది, నిజమే, కానీ ఆగి ఆగి కట్ చేసే టెన్షన్ ఉండదు.

పక్కన ఇంకొకరు ఫోన్‌తో తీసిన క్లిప్పులు కలుపుతుంటే ఒక జాగ్రత్త. ఫోన్లు చాలావరకు ఫ్రేము రేటుని పైకీ కిందికీ మారుస్తూ రాస్తాయి, మైకులో వ్యాఖ్యాత అరుపు ఒకచోట, పెదవులు ఒకచోట అయిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేము రేటు కాన్‌స్టంట్ అని పెట్టి మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లోకి తీసుకోండి.

పోటీ అయ్యాక గిత్తల ఆసామి తప్పకుండా అడుగుతాడు, ‘అన్నా, మా జత వీడియో వాట్సాప్‌లో పెట్టన్నా’ అని. 4కె ఫైలు పంపితే ఆయన ఫోన్లో ఆడుతుందన్న నమ్మకం లేదు. 1080పి, హెచ్.264లో (దాదాపు ఏ ఫోన్లోనైనా ఆడే పాత కుదింపు పద్ధతి) వేరేగా ఎక్స్‌పోర్టు చేసి, వీడియోలా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. 2 జీబీ వరకు వెళ్తుంది, వాట్సాప్ దాన్ని నలిపేయదు.