బెంగళూరు కాలిబాటలపై పెగసస్ 41

బెంగళూరులో రోజూ పరుగెత్తేవారికి బూటు మెత్తదనం కన్నా దాని నిలకడ ముఖ్యమని నా అభిప్రాయం. నైకీ కంపెనీ పరుగు బూటు పెగసస్ 41 నాకు నచ్చడానికి కారణం కూడా అదే. మారతహళ్ళి, బెళ్ళందూరు వంటి తెలుగువారు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో ఇంటి నుంచి చెరువుగట్టుకో, పార్కుకో చేరాలంటేనే మురుగుకాలువలపై పరచిన రాతిపలకలను, వాటి మధ్య సందులను, చెట్ల వేళ్ళు పైకి లేపిన టైళ్ళను దాటుకుంటూ పోవాలి. ఇటువంటి నేలపై మరీ ఎత్తైన, మరీ మెత్తని అడుగుభాగం ఉన్న బూట్లు చీలమండను అటూ ఇటూ ఊగిస్తాయి.

1983లో మొదలైన ఈ వరుసలో 41 సంఖ్యతో ఉన్న బూటు 2024లో వచ్చింది. అరికాలి కింద రియాక్ట్‌ఎక్స్ అనే ఫోమ్, అందులో మడమ వద్ద ఒకటి, పాదం ముందుభాగంలో ఒకటి గాలి నింపిన ఎయిర్ జూమ్ పొరలు ఉంటాయి. పాత రియాక్ట్ ఫోమ్ కన్నా ఈ ఫోమ్ అడుగు వేసినప్పుడు 13 శాతం ఎక్కువ శక్తిని కాలికి తిరిగి ఇస్తుందని కంపెనీ చెబుతుంది. నింపాదిగా పరుగెత్తే నా వంటివారికి ఆ లెక్కతో పెద్దగా పనిలేదు. పలక అంచు మీద కాలు పడినా బూటు ఒరిగిపోకుండా నిలబడటమే నాకు కావలసింది. మడమ భాగం ముందుభాగం కంటే 10 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండటం వల్ల పిక్కలపై భారం కొంత తగ్గుతుంది. అయితే అందులో కొంత మోకాళ్ళ వైపు మళ్ళుతుంది కనుక, మోకాలి నొప్పి ఉన్నవారు ఎత్తు తేడా తక్కువగా ఉన్న బూట్లను కూడా తొడిగి చూడటం మంచిది.

ముందువైపు వెడల్పు మాత్రం అందరికీ సరిపోదు. చిన్నప్పటి నుంచి చెప్పులతోనో, వట్టి కాళ్ళతోనో తిరిగి వేళ్ళు విచ్చుకున్న పాదాలు మనలో చాలామందివి. పాదాలు కొద్దిగా ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, పరుగుకు వాడే మేజోళ్ళతోనే దుకాణానికి వెళ్ళి, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. చిటికెన వేలు పక్కకు ఒత్తుకుంటుంటే, వాడగా వాడగా సాగుతుందన్న దుకాణదారు మాట నమ్మకండి.

పై భాగం జాలీ వస్త్రం కావడంతో గాలి బాగా ఆడుతుంది. కానీ వానాకాలంలో కబ్బన్ పార్కు తడి మట్టిలో పరుగెత్తి వస్తే నీరు పీల్చుకుంటుంది. ఆ రోజు లోపలి అట్ట తీసి, వార్తాపత్రిక కుక్కి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే ఫోమ్ పాడవుతుంది.

విడుదలైనప్పుడు దీని ధర పదివేల పైచిలుకు, తక్కువేమీ కాదు. పరుగు బూట్లు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు పనికొస్తాయని చెబుతారు. అడుగున రబ్బరు బాగానే ఉన్నా, పక్కల ఫోమ్‌పై ముడతలు లోతుగా పడి, పరుగు తర్వాత కాళ్ళు మామూలు కన్నా ఎక్కువగా లాగుతుంటే ఆ జతను మార్కెట్‌కు వెళ్ళే నడకకు వదిలేయవచ్చు. వరుసలో కొత్త సంఖ్య బూటు విడుదలైనప్పుడు పాతదాని ధర తగ్గుతుంది గనుక, మీ సైజు దొరికితే అప్పుడు కొనుక్కోవడమే లాభం.