టైబీరియస్ దేనారం కొన్నా, నా రివ్యూ

దేనారం అంటే రోమన్ల వెండి నాణెం, ఇది రోమ్ చక్రవర్తి (కైసరు) టైబీరియస్ కొట్టించింది. లండన్‌లో ఒక పాత నాణేల షాపులో కొన్నాను, మూడొందల పౌండ్లు దాటింది. నాణేనికైతే ఫుల్ మార్కులు, షాపుకి మాత్రం ఇవ్వలేను.

బొమ్మ వైపు కైసరు తల, ఆకుల దండ, దాని ముడి కొసలు మెడ మీదకి జారుతూ ఉంటాయి, లెన్స్ పెట్టి చూస్తే ఒక్కో ఆకు విడిగా కనిపిస్తుంది, 4 గ్రాములు కూడా లేని బిళ్ళ మీద ఆ పనితనం చూస్తే మతి పోతుంది. టైబీరియస్ గద్దెనెక్కేసరికే 54 ఏళ్ళు, క్రీ.శ. 37లో పోయేనాటికి 77, కానీ నాణెం మీద ఎక్కడా ముసలాడు కాడు. చుట్టూ లాటిన్‌లో ‘దైవమైన అగస్టస్ కొడుకు’ అని ఉంటుంది, నిజానికి తనకంటే ముందు చక్రవర్తి అయిన అగస్టస్‌కి దత్తపుత్రుడు, పెంచిన తండ్రిని దేవుణ్ణి చేసేసి తను దేవుడి కొడుకునని జీతం డబ్బుల మీదే కొట్టించాడు! అప్పట్లో మామూలు సైనికుడికి ఏడాదికి 225 దేనారాలు, అంటే చదువు రానోడి చేతిలోకి కూడా ఆ మొహం వెళ్ళాల్సిందే. బొరుసు వైపు కుర్చీలో ఒక స్త్రీ, చేతిలో రాజదండం, కొమ్మ. తల్లి లివియా అని కొందరు, శాంతిదేవత అని కొందరు అంటారు, నాకైతే రెండూ అనిపించాలనే అలా చెక్కారనిపిస్తుంది. పక్కన ‘ప్రధాన పూజారి’ అని ఇంకో బిరుదు.

బైబిల్లో కైసరుకి పన్ను కట్టాలా అని అడిగినప్పుడు యేసుకి చూపించిన దేనారం ఇదేనని చాలామంది నమ్మకం, రేటు అందుకే ఎక్కువ. మనకి ఇంకో లింకు కూడా ఉంది, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1500 పైచిలుకు రోమన్ వెండి నాణేలు దొరికాయి, ఎక్కువ అగస్టస్‌వీ టైబీరియస్‌వే. క్రీ.శ. 64లో తర్వాతి చక్రవర్తి నీరో నాణేల్లో వెండి తగ్గించేశాడు కదా, అంతకు ముందువి కాబట్టి ఇవి మంచి వెండి.

ఇక షాపు సంగతి. ఆన్‌లైన్ ఫోటోలో చెంప మీద గీత అస్సలు కనపడలేదు, లైటు అలా పెట్టి తీశారు. ఇంతకుముందు ఎవరి దగ్గర ఉండేదని అడిగితే సరైన జవాబు లేదు, కాగితం మీద రాజు పేరు, రేటు, అంతే. ఇంత డబ్బు తీసుకుని అలా చేయడం తప్పు.

కొనేవాళ్ళు అంచులో అక్షరాలు తెగిపోయినా పట్టించుకోకండి, సుత్తి దెబ్బతో కొట్టినవి కాబట్టి అది మామూలే, మొహం పూర్తిగా ఉందా లేదా చూడండి, పాత ఓనర్ల వివరాలు రాతపూర్వకంగా ఇస్తేనే డబ్బులు కట్టండి.