అండమాన్‌లో తెడ్డు పట్టే ముందు తిథి చూసుకోండి

మడ అడవుల్లో కయాక్ ప్రయాణం పేరుతో హేవ్‌లాక్ దీవిలో ఒక నిర్వాహకుడు మా నలుగురి దగ్గర ₹11,200 ముందుగానే కట్టించుకుని, నీళ్లు లేని కాలువలోకి దింపాడు. నెల్లూరు నుంచి అండమాన్ వెళ్లాలనుకునేవారు ఎక్కువవుతున్నారు కాబట్టి, ఆ సంగతి వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

చెన్నై దాకా కారులో వెళ్లి, అక్కడి నుంచి రెండుంపావు గంటల విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరాము. 2024లో ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చినా ఆటోవాళ్లు పాత పేరుతోనే పిలుస్తున్నారు. సెల్యులార్ జైలు చూడటంతో మొదటి రోజు గడిచిపోయింది. మరునాడు చాథమ్ నుంచి పడవలో బాంబూ ఫ్లాట్ ఒడ్డుకు దాటి, ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్న మౌంట్ హేరియెట్ కొండ ఎక్కాము. పాత ఎర్ర ₹20 నోటు మీద కనిపించే కొబ్బరిచెట్లు, దీపస్తంభం ఉన్న దృశ్యం ఈ కొండ దారి నుంచి కనిపించేదే. పైనుంచి కాలాపత్థర్ అనే చోటు దాకా సుమారు 2 కిలోమీటర్ల అడవి బాట ఉంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, అంటే మన నెల్లూరుకు మూడు రెట్లు, పడే నేల కావడం వల్ల చెట్లు ఆకాశాన్ని కనపడనివ్వవు. మేము వెళ్లింది మాఘమాసం కనుక బాట ఆరి ఉంది, జలగల బాధ తప్పింది. పిల్లలతో వెళ్లేవారికి కాలాపత్థర్ వరకు చాలు, మధుబన్ తీరం దాకా దిగడం రోజంతా పట్టే పని.

హేవ్‌లాక్‌కు ప్రైవేటు నౌకలో మనిషికి ₹1,450 అయింది. అక్కడికి చేరిన మరునాడే, పౌర్ణమి వెళ్లిన పాడ్యమి నాడు, మధ్యాహ్నం మూడు గంటలకు కయాక్ సమయం ఇచ్చారు. నాతో వచ్చిన మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్నాయి. సముద్రపు నీరు ఎక్కే పోటు, వెనక్కి తీసే పాటు వేళలు చూసుకుని కాలువ నీటిని చెరువులోకి తోడుకోవడం అతనికి నిత్యకృత్యం. ఒడ్డున నిలబడి కాలువను ఒక్కసారి చూసి, "బావా, పున్నమి పాటు ఇంకా తీస్తానే ఉంది, ఇప్పుడు లోపలికి పోతే బురదలో కూర్చోవాల్సిందే" అన్నాడు. నిర్వాహకుడు నవ్వి, తాము రోజూ ఇదే వేళకు తీసుకెళ్తామని చెప్పి లైఫ్ జాకెట్లు చేతికిచ్చాడు. పున్నమికి, అమావాస్యకు పోటు ఎంత ఎత్తు లేస్తుందో పాటు అంత లోతుకు దిగుతుందనే సంగతి తెలియకుండా అక్కడ ఎవరూ వ్యాపారం చెయ్యలేరు.

ఇరవై నిమిషాల్లోనే రెండు కయాకులూ నేలకు తగిలాయి. నీటిలో మునిగి ఉండాల్సిన మడ చెట్ల ఊతవేళ్లు నడుము ఎత్తున బయటపడి ఉన్నాయి, వాటికి అంటుకున్న ఆలిచిప్పల అంచులు బ్లేడులా ఉన్నాయి. దిగి తోయబోయిన బావమరిది మోకాలి దాకా కూరుకుపోయాడు, అతని చెప్పు ఒకటి ఇప్పటికీ అక్కడే ఉంది. మా అబ్బాయి మాత్రం, నెత్తిమీద కళ్లున్న వేలెడు చేపలు బురద మీద గెంతుతుంటే చూసి సంబరపడ్డాడు. మా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆ మౌనం సాయంత్రం భోజనం దాకా సాగింది. తిరిగి వచ్చాక డబ్బు అడిగితే, దానికి బదులుగా అదే రాత్రి 'నీళ్లు వెలిగే' కయాక్ యాత్రకు సగం ధరకు, మనిషికి ₹1,750కి, తీసుకెళ్తానన్నాడు. తెడ్డు తగిలినప్పుడు సూక్ష్మజీవులు వెలువరించే ఆ నీలి వెలుగు చీకటి రాత్రుల్లోనే బాగా కనిపిస్తుంది. నిండు చంద్రుడు కాస్తున్న రాత్రికి దాన్ని అమ్మజూపడం మొదటి మోసం కన్నా నాకు ఎక్కువ కోపం తెప్పించింది. గంటసేపు వాదించాక ₹4,000 మాత్రం వెనక్కి వచ్చింది.

ఆ రాత్రి బజారులో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన ఒక దంపతుల భోజనశాల దొరికింది. ₹220కి అన్నం, పప్పు, చేపల పులుసు పెట్టారు. మామిడికాయ పడని పులుసును నెల్లూరువాళ్లు పులుసుగా ఒప్పుకోరు గానీ, చేప మాత్రం ఆ పూట దిగినదే కావడంతో మా ఆవిడ రెండోసారి వడ్డించుకుని, అప్పుడు నోరు విప్పింది. మా గోడు విని ఆ ఇంటాయన తనకు తెలిసిన పడవతన్ని పిలిపించాడు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి మర్నాడు పదకొండుకు నిండుతుందని, తొమ్మిదిన్నరకు బయలుదేరితే ఎక్కుతున్న నీటితో లోపలికి వెళ్లి నిండు నీటి మీద తిరిగి రావచ్చని ఆ పడవతను లెక్క చెప్పాడు. తీసుకున్నది మనిషికి ₹1,800. క్రితం రోజు మా కయాకులు దిగబడిన చోట తెడ్డు నిలువునా దించినా నేల అందలేదు. కొమ్మలు పైన కలుసుకుని నీడపట్టు కట్టిన ఆ కాలువలో మా బావమరిది సైతం తప్పు పట్టడానికి ఏమీ దొరకక ఊరుకున్నాడు.

ఎలిఫెంట్ బీచ్‌కు స్పీడు పడవలు ఉన్నాయి గానీ, సుమారు 2 కిలోమీటర్ల అడవి బాటన నడిచి వెళ్లడమే మేలు. దారి చూపినతనికి ₹1,000 ఇచ్చాము. చివర మడ అడవి వస్తుంది కాబట్టి దీనికి మాత్రం పాటు వేళే అనుకూలం. రాధానగర్ తీరం 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. మైపాడులో అలలకు బెదిరి ఒడ్డు వదలని మా ఆవిడ ఇక్కడ నడుము లోతు దాకా వెళ్లింది. అయితే మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న తీరాల్లో ఎవరు ఎంత ధైర్యం చెప్పినా నీటిలోకి దిగకూడదు. మేమున్న బస గురించి చెప్పాలంటే, రాత్రికి ₹3,600 పుచ్చుకుని వేడినీళ్లు బకెట్టుతో ఇచ్చారు. గది శుభ్రంగానే ఉంది.

చీకటి ఐదున్నర దాటగానే పడుతుంది కనుక నడకలన్నీ పొద్దున్నే పెట్టుకోవాలి. వెలిగే నీళ్లు చూడాలనుకునేవారు అమావాస్యకు అటూఇటూ ఉండేలా విమానం టికెట్లు తీసుకోవాలి. ఏ కయాక్‌కైనా పోటు ఎన్ని గంటలకో అడిగి, సమాధానం తడబడితే అడ్వాన్సు ఇవ్వకండి.