దేవుడి ఆట కట్టడానికి గోడో 4: హైదరాబాద్ చెరువుల మీద పెట్టి చూస్తే

ఆటగాడే దేవుడయ్యే వీడియో గేమ్ చేయాలనుకునే ఇద్దరు ముగ్గురి జట్టుకు గోడో 4 అనే గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సరిపోతుంది, ఒక్క షరతు మీద. ప్రపంచాన్ని దాని చేతిలో పెట్టకూడదు. వాన, మట్టి, జనం, పంట, వీటి లెక్కంతా మీ కోడ్‌లో విడిగా నడవాలి, గోడో దాన్ని తెర మీద చూపించే పని మాత్రమే చేయాలి. ఈ గీత మొదటి వారంలోనే గీసుకోకపోతే వెయ్యి మంది జనం చేరేసరికి ఆట చతికిలబడుతుంది. ఈ సమీక్ష 4.3 వెర్షన్ గురించి.

ఖర్చు మాట త్వరగా తేల్చేద్దాం. గోడో ఉచితం. 2014లో సోర్స్ కోడ్ బయటపెట్టారు, 4.0 వెర్షన్ 2023 మార్చిలో వచ్చింది. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి ఆట ఎంత అమ్ముడైనా వాటా ఇవ్వక్కర్లేదు. ప్లే స్టోర్ ఖాతాకు ఒకేసారి 25 డాలర్లు, స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు మీరు కట్టుకోవాలి. ఇన్‌స్టాలేషన్ తతంగం లేదు, జిప్ విప్పి నడిపించడమే.

మెషిన్ విషయంలో మాత్రం తొందర పడొద్దు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, ప్రాజెక్ట్ తెరిచేటప్పుడే 'కంపాటిబిలిటీ' రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) ఎంచుకోండి. అది ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతి మీద నడుస్తుంది, పాత ఫోన్లలోనూ ఆడుతుంది. అయితే అందులో కంప్యూట్ షేడర్లు ఉండవు (షేడర్ అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రామ్, కంప్యూట్ షేడర్ బొమ్మలకు బదులు లెక్కలు చేస్తుంది). నీటి లెక్కను గ్రాఫిక్స్ కార్డు మీద వేద్దామనుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయినట్టే. సగం ఆట అయ్యాక రెండరర్ మార్చితే షేడర్లు తిరగరాయాల్సి వస్తుంది.

ఇంజిన్‌ను పరీక్షించడానికి ఇక్కడి నేల కన్నా మంచి మైదానం ఉండదు. దక్కన్ పీఠభూమి మీద వాలు వెంట గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులోకి వస్తుంది. ఆటగాడికి మూడే శక్తులు ఇవ్వండి: వాన కురిపించడం, ఆపడం, నేల ఎత్తు పెంచడం తగ్గించడం. మనుషుల మీద నేరుగా ఆజ్ఞ ఉండకూడదు. 1989లో బుల్‌ఫ్రాగ్ చేసిన పాప్యులస్ బలమంతా అక్కడే ఉంది. అందులో దేవుడు నేల చదును చేస్తాడు, చదును చూసి జనం పెద్ద ఇళ్లు కట్టుకుంటారు, జనం పెరిగితే దేవుడికి శక్తి పెరుగుతుంది. మనిషిని నొక్కి 'అక్కడికి పో' అనే వీలు ఇచ్చిన మరుక్షణం మీ ఆట సైన్యాన్ని నడిపే ఆట అయిపోతుంది.

నీటి దగ్గరికి వద్దాం, అసలు కష్టం ఇక్కడే. 256×256 గళ్ల మ్యాప్ తీసుకోండి, మొత్తం 65,536 గళ్లు. ప్రతి గడికీ నేల ఎత్తు, నీటి లోతు, రెండూ ప్యాక్డ్‌ఫ్లోట్32అర్రేల్లో (దశాంశ సంఖ్యల వరుసల్లో) పెట్టాలి. ఒక్కో పొరకు సరిగ్గా 256 కేబీ. ప్రతి టిక్‌కూ (ఆట లెక్క ఒక్కో అడుగు ముందుకు నడిచినప్పుడల్లా) గడిలోని మట్టం (నేల ప్లస్ నీళ్లు) నాలుగు పక్క గళ్లతో పోల్చి, తక్కువ ఉన్నవైపు నీళ్లు వదలాలి. ఒక్కో పక్కకు తేడాలో ఐదో వంతు మించి వదలకండి. తనూ, నలుగురు పొరుగువాళ్లూ కలిపి ఐదుగురు పంచుకుంటున్నారు కాబట్టి ఐదో వంతు. సగం వదిలితే పక్క గడి నిండిపోయి వెనక్కి తిప్పికొడుతుంది, చెరువంతా చదరంగం బల్లలా మిణుకుమిణుకుమంటుంది. గడిలో ఉన్న నీళ్ల కన్నా ఎక్కువ పోకుండా కూడా చూసుకోవాలి.

ఇంకో పొరపాటు కంటికి ఆలస్యంగా తెలుస్తుంది. చదివే అర్రేలోనే రాస్తే నీళ్లు ఎప్పుడూ ఒక మూలకు జరుగుతుంటాయి, ఎందుకంటే లూప్ ఎటు నడిస్తే మార్పులు అటే ముందు చేరతాయి. పాత అర్రే చదివి కొత్త అర్రేలో రాసి, టిక్ చివర రెండూ మార్చుకోవాలి. వంద టిక్‌లకు ఒకసారి మొత్తం నీళ్లు కూడి, కురిసినదానితో, ఆవిరైనదానితో సరిచూడండి. లెక్క తప్పితే నీళ్లు పంచే కోడ్‌లో ఎక్కడో పొరపాటు ఉందన్నమాట.

ఈ పని గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో మొత్తం మ్యాప్ మీద సెకనుకు పదిసార్లు చేస్తే 26 లక్షల పోలికలు పైనే. మామూలు లాప్‌టాప్ ఆయాసపడుతుంది. దారులు రెండు. నీళ్లు కదిలే గళ్ల జాబితా మాత్రమే ఉంచుకుని వాటినే లెక్కించడం మొదటిది, వేసవిలో చాలా మ్యాప్ నిద్రపోతుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. రెండోది ఈ ఒక్క భాగాన్నీ సీ షార్ప్ అనే భాషలోకి మార్చడం. అమీర్‌పేటలో జావా, డాట్‌నెట్ నేర్చుకుని వచ్చినవాళ్లకు అది వెంటనే వస్తుంది. కానీ సీ షార్ప్ వాడితే 4.3లో వెబ్ ఎక్స్‌పోర్ట్ (ఆటను బ్రౌజర్‌లో నడిచేలా తయారుచేయడం) ఉండదు, ఆండ్రాయిడ్ ఎక్స్‌పోర్ట్ ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. బ్రౌజర్‌లో ఆడించాలనుకుంటే మొదటి దారే.

చెరువు కట్టకు అలుగు తప్పనిసరిగా పెట్టండి: కట్ట గళ్లలో ఒకటి రెండు మిగతావాటి కన్నా కాస్త తక్కువ ఎత్తులో ఉంటే చాలు. అలుగు లేకపోతే నీళ్లు కట్ట పొడవునా పొర్లుతాయి, ప్రమాదం ఎక్కడుందో ఆటగాడికి కనపడదు. కట్ట మీదుగా పోయే ప్రవాహం ఒక హద్దు దాటితే టిక్‌కు కొంచెం చొప్పున కట్ట ఎత్తు తగ్గించండి. గండి పడుతుంది, ఆ నీళ్లు కింది చెరువు కట్టనూ తెంపుతాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ నగరాన్ని ముంచినప్పుడు పై చెరువులు వరసగా తెగడం వరదను పెంచింది. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సూచనల మీద మూసీ పైన ఉస్మాన్‌సాగర్, ఈసీ పైన హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఈ గొలుసు ఏ స్క్రిప్టూ లేకుండా, ఐదో వంతు నియమం, కట్ట తగ్గే నియమం, ఈ రెండింటి లోంచే మీ మ్యాప్‌లో పుట్టుకొస్తుంది. ఒక వాన ఎక్కువైనందుకు మూడు ఊళ్ల కింద ఆయకట్టు మునిగిపోతుంటే దేవుడి స్థానం బరువేమిటో ఆటగాడికి విడిగా చెప్పనక్కర్లేదు.

వేగం పెంచే బటన్ పెట్టేటప్పుడు ఇంజిన్ టైమ్‌స్కేల్ (ఆటలో కాలం వేగాన్ని మార్చే సెట్టింగ్) జోలికి వెళ్లొద్దు. దాన్ని ఎనిమిది చేస్తే టిక్‌లు ఎనిమిది రెట్లు కావు, ఒక్కో టిక్‌లో గడిచే కాలం ఎనిమిది రెట్లవుతుంది. నీటి లెక్క దాన్ని తట్టుకోలేదు. సెకనుకు పది స్థిరమైన టిక్‌లు పెట్టుకుని, వేగం పెరిగితే అదే టిక్‌ను ఎక్కువసార్లు నడపండి.

జనం విషయానికొస్తే, గోడో పాఠాలన్నీ ఒక్కో మనిషికి ఒక్కో నోడ్ (గోడోలో ఆటను కట్టే ముక్క), దానికో స్క్రిప్ట్, దానికో కొలిజన్ (ఢీకొనడాన్ని గుర్తించే ఏర్పాటు) అని నేర్పుతాయి. పది మంది ఉన్న ఆటకు అది హాయి. రెండు వేల మందికి అదే ఉరి. స్థానం, ఆకలి, భక్తి, ఇంటి నంబరు అన్నీ అర్రేల్లో ఉంచి, బొమ్మలన్నీ మల్టీమెష్‌తో (ఒకే బొమ్మ నకళ్లను ఒక్కసారిగా గీసే ఏర్పాటుతో) గీయండి. ఒక్కో మనిషి పది టిక్‌లకు ఒకసారి నిర్ణయం తీసుకుంటే చాలు, వాళ్ల నంబరు చివరి అంకెను బట్టి వంతులు వేస్తే టిక్‌కు 200 మందే. పాత స్థానానికీ కొత్త స్థానానికీ మధ్య ఇంటర్‌పోలేషన్ చేయకపోతే (నడిమి స్థానాలు లెక్కించి చూపించకపోతే) నడక గెంతుల్లా ఉంటుంది.

మల్టీమెష్‌కు తన పట్టింపులు ఉన్నాయి. కస్టమ్ డేటా (ఒక్కో నకలుకు విడిగా పంపే అంకెలు) ఆప్షన్‌ను ఇన్‌స్టాన్స్ (నకళ్ల) సంఖ్య సున్నాగా ఉన్నప్పుడే ఆన్ చేయాలి, తర్వాత చేస్తే ఒప్పుకోదు. నడక షేడర్‌కు ఒక్కో మనిషికి వేరే ఆరంభం ఆ డేటాలోనే పంపాలి, లేకపోతే ఊరంతా పరేడ్ చేస్తున్నట్టు ఒకే అడుగు వేస్తుంది. కెమెరాకు కనపడనివాళ్లను అది విడివిడిగా వదిలేయదు, మొత్తాన్ని గీస్తుంది లేదా మొత్తాన్ని మానేస్తుంది. మ్యాప్‌ను 32×32 గళ్ల ముక్కలుగా, అంటే 64 మల్టీమెష్‌లుగా చేస్తే ఈ బాధ తీరుతుంది. నేలను షేడర్‌తో ఎత్తేవాళ్లకు ఇలాంటిదే ఇంకోటి: ఎత్తిన సంగతి గోడోకు తెలియదు, మెష్‌ను (నేల ఆకారాన్ని) చదునుగానే లెక్కేస్తుంది. కెమెరా వంచగానే కొండ మాయమవుతుంది. ఎక్స్‌ట్రా కల్ మార్జిన్‌ను (కనపడదని వదిలేసే ముందు గోడో చుట్టూ చూసే అదనపు హద్దును) కొండ ఎత్తుకు సమానంగా పెంచండి.

దారులు వెతకడానికి గోడోలోని నావిగేషన్ ఏజెంట్లు వద్దు. ఆటగాడు నేల మార్చిన ప్రతిసారీ నావిగేషన్ మెష్ (నడవగలిగే చోట్ల పటం) మళ్లీ తయారుచేయాలి, ఆట అప్పుడల్లా తడబడుతుంది. గుడి, చెరువు, సంత లాంటి గమ్యానికి ఒక్కోటి చొప్పున దూరాల పట్టిక వేసుకుంటే జనమంతా దాన్నే చదువుకుని నడుస్తారు.

శక్తి లెక్క ఇంజిన్ మీద ఆధారపడదు, కానీ దేవుడి ఆటలు ఎక్కువగా ఇక్కడే చప్పబడతాయి. వంద మంది కలిసి సెకనుకు 10 శక్తి ఇస్తే, 200 ఖరీదు చేసే వాన 20 సెకన్లకు ఒకటి వస్తుంది. జనం వెయ్యి అయ్యేసరికి రెండు సెకన్లకో వాన, ఇక ఆలోచించేది ఏమీ మిగలదు. వాన ఖరీదును తడిసే గళ్లను బట్టి పెంచండి. కడుపు నిండా ఉన్న ఊళ్లో భక్తి మెల్లగా తగ్గాలి, కరువు మొదలైతే పెరగాలి, కరువు ముదిరితే ఒక్కసారిగా విరిగిపోవాలి. ఆషాఢంలో బోనాలు పెడితే క్యాలెండర్ మీకు మంచి సాయం చేస్తుంది: విత్తనాలు పడి వాన కోసం చూసే రోజుల్లోనే జనం గుడి దగ్గర చేరతారు, శక్తి వస్తుంది, దాన్ని ఏ చెరువు పైన ఖర్చు పెట్టాలన్నది నిజమైన చిక్కు అవుతుంది. ఒక్కో మనిషి చివరి మూడు నిర్ణయాలూ, వాటి కారణాలూ దాచి, నొక్కితే చూపించే ప్యానెల్ కూడా ఉండాలి. ఊరు ఎందుకు ఖాళీ అయిందో తెలియని ఆటగాడు ఆట మూసేస్తాడు.

తెలుగు విషయంలో గోడో 4కు నిండు మార్కులు. 3లో ఒత్తులు చెల్లాచెదురయ్యేవి, 4లో అక్షరాలను సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ ఉండటంతో 'స్త్రీ', 'క్ష్మి' లాంటివి కుదురుగా కూర్చుంటాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను ప్రాజెక్ట్‌లోనే పెట్టండి. గోడోతోపాటు వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు, కంప్యూటర్‌లో సిస్టమ్ ఫాంట్ ఆదుకుంటుంది గానీ వెబ్‌లో డబ్బాలు కనిపిస్తాయి. అక్షరం అక్షరం పడే ఎఫెక్ట్ వాడితే విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ను 'ఆఫ్టర్ షేపింగ్'కు మార్చాలి, లేకపోతే 'స్త్రీ' రావడానికి ముందు స, స్, స్త అంటూ రూపాలు మారుతూ కనిపిస్తుంది.

ఆండ్రాయిడ్ బిల్డ్‌కు జేడీకే 17 (జావా పనిముట్లు), ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ పనిముట్లు), గోడో ఎడిటర్‌తో సరిగ్గా అదే వెర్షన్ ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు కావాలి. ఎడిటర్ 4.3 ఉండి టెంప్లేట్ 4.2 అయితే ఎక్స్‌పోర్ట్ కాదు. ప్లేస్టేషన్, స్విచ్ లాంటి కన్సోళ్లకు నేరుగా ఎక్స్‌పోర్ట్ లేదు, బయటి సంస్థల ద్వారా చేయించుకోవాలి. కన్సోల్ మీదే మొదటి విడుదల పెట్టుకున్నవాళ్లు వేరే ఇంజిన్ చూసుకోవడం మంచిది. మిగతావాళ్లు 64×64 గళ్లలో, బొమ్మలేవీ లేకుండా రంగు చతురస్రాలతో మూడు చెరువులు కట్టి మొదలుపెట్టండి. ఆ స్థితిలోనే అలుగు దూకడం చూడబుద్ధి కాకపోతే కొండలకు, గుళ్లకు ఆర్టిస్టును పెట్టుకోవద్దు.