6443 పోర్టు: మన ఐపీకి తెరవాలా, వైర్‌గార్డ్ వీపీఎన్ వెనక ఉంచాలా?

రాయగడలో మా ఇంటి నుంచే ఒక కుబెర్నెటీస్ క్లస్టర్ (కంటైనర్ యాప్‌లను నడిపే సర్వర్ల గుంపు) చూసుకుంటాను. దానికి వచ్చే ఆదేశాలు అందుకునే ఏపీఐ సర్వర్ మామూలుగా వినేది 6443 పోర్టు మీద. దాన్ని ఫైర్‌వాల్‌లో మన ఐపీకి మాత్రమే తెరవడం తేలిక, ఐదు నిమిషాల పని. మారని ఐపీ ఉన్న ఆఫీసుకైతే అదే చాలు.

మా దగ్గర వానకి లైను పోతే ఫోన్ హాట్‌స్పాటే గతి. ఐపీ మారిపోతుంది, క్లస్టర్‌కి ఆదేశాలిచ్చే క్యూబ్‌సీటీఎల్ (kubectl) టైమవుట్ అవుతుంది. ఆ టెన్షన్‌లో పోర్టుని అందరికీ తెరిచేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మొబైల్ ఐపీని అనుమతించినా ప్రమాదమే, ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు.

వైర్‌గార్డ్ మన మెషీన్‌కీ సర్వర్‌కీ మధ్య ఎన్‌క్రిప్ట్ అయిన టన్నెల్ వేస్తుంది. దానికి బయటికి ఒక్క యూడీపీ పోర్టు చాలు, సాధారణంగా 51820. సరైన కీ లేని ప్యాకెట్‌కి అది జవాబే ఇవ్వదు. మన ఐపీ ఎన్నిసార్లు మారినా పని ఆగదు. చిక్కల్లా ఏపీఐ సర్వర్ సర్టిఫికెట్‌తోనే: సర్వర్ టన్నెల్ ఐపీ అందులో లేకపోతే టీఎల్‌ఎస్ ఎర్రర్ వస్తుంది. క్యూబ్‌అడ్మ్ (kubeadm) టూల్‌తో క్లస్టర్ వేసేటప్పుడే ఆ ఐపీని కూడా సర్టిఫికెట్‌లో చేర్చండి.

నా ఓటు వైర్‌గార్డ్‌కే. ఏది ఎంచుకున్నా క్లస్టర్ డేటా దాచే ఈటీసీడీ (etcd) వాడే 2379, 2380, ప్రతి మెషీన్‌లో నడిచే క్యూబ్‌లెట్ వాడే 10250 బయటికి కనిపించకూడదు. క్లస్టర్ మొత్తానికి తాళంచెవి లాంటి అడ్మిన్ క్యూబ్‌కాన్ఫిగ్ ఫైల్‌ని వాట్సాప్‌లో అసలు పంపొద్దు.