భారత్–చైనా రాయబారుల మీద ఆడియో కోర్సు: విన్నాక నా మాట

ఈ ఆడియో కోర్సు డబ్బులు పెట్టి కొన్నాను, రెండు వారాల్లో పూర్తి చేశాను, చరిత్ర ఇష్టమున్న వాళ్లు తప్పకుండా వినండి. అన్నిటికన్నా బాగున్నది అప్పట్లో చైనాలో మన రాయబారిగా ఉన్న కె.ఎం. పణిక్కర్ భాగం. 1950 అక్టోబర్ మొదట్లో అర్ధరాత్రి చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయన్ని పిలిపించి, అమెరికా సైన్యం 38వ అక్షాంశం (ఉత్తర, దక్షిణ కొరియాలను విడదీసిన గీత) దాటితే చైనా కొరియా యుద్ధంలోకి దిగుతుందని చెప్పడం, ఆ కబురు ఢిల్లీ మీదుగా వాషింగ్టన్‌కి చేరినా అక్కడ నమ్మకపోవడం, చివరికి చైనా నిజంగానే దిగడం, ఇదంతా వింటుంటే నాకే టెన్షన్ వచ్చింది.

1954 పంచశీల ఒప్పందం మీద మన రాయబారి ఎన్. రాఘవన్ సంతకం చేశారని ఇక్కడే తెలిసింది. బడిలో నెహ్రూ పేరు ఒక్కటే చెప్పారు మాకు!

1962 యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి రెండు రాజధానుల్లోనూ రాయబారులే లేరు. 1970 మే డే నాడు మావో మన తాత్కాలిక ప్రతినిధి బ్రజేశ్ మిశ్రాని చూసి నవ్వి పలకరించడం ఎందుకంత పెద్ద వార్త అయిందో అప్పుడు అర్థమవుతుంది. 1976లో కె.ఆర్. నారాయణన్ రాయబారిగా వెళ్లిన ఘట్టాన్ని మాత్రం పది నిమిషాల్లో ముగించేశారు, అది నాకు నచ్చలేదు. తెలుగు ఉచ్చారణ శుభ్రంగా ఉంది. ఐదుకి నాలుగు.