జావాలో ఇంటిజర్ లిస్ట్‌ని ఇంట్ అర్రేగా మార్చాలంటే ఏది మేలు: లూపా, స్ట్రీమా, లైబ్రరీనా?

చిత్తూరు మామిడి మండీకి వచ్చిన తోతాపురి లోడ్ల బరువులు ఒక ఇంటిజర్ లిస్ట్‌లో ఉన్నాయనుకోండి, లెక్క వేసే పాత మెథడ్ మాత్రం ఇంట్ అర్రే ఇస్తేనే పనిచేస్తుంది. తిరుపతిలో జావా నేర్చుకునే పిల్లలు చాలామంది ముందు లిస్ట్ మీదే టుఅర్రే పిలిచి చూస్తారు. కంపైలర్ ఒప్పుకోదు. ఇంటిజర్ (ఆబ్జెక్ట్) అర్రే వేరు, ఇంట్ (ఉత్త అంకె) అర్రే వేరు, విడి విలువనైతే జావా తానే అన్‌బాక్స్ చేస్తుంది (ఇంటిజర్‌లోంచి ఇంట్ తీస్తుంది) గానీ అర్రే మొత్తాన్ని అలా మార్చదు.

స్ట్రీమ్‌తో (విలువల్ని ఒక్కొక్కటిగా పంపే జావా సదుపాయం) అయితే ఒక్క లైన్: స్ట్రీమ్ తీసి, మ్యాప్‌టుఇంట్ పెట్టి, టుఅర్రే అనడమే. 2014లో జావా 8తో వచ్చింది కాబట్టి వెర్షన్ గొడవ ఇప్పుడు పెద్దగా లేదు. కాకపోతే ఇంట్, లాంగ్, డబుల్‌కే ఇలాంటి స్ట్రీమ్‌లు ఉన్నాయి. బైట్, క్యార్, ఫ్లోట్ కావాలంటే లూప్ రాయాలి, లేదా గూగుల్ వాళ్ల గ్వావా లైబ్రరీ వాడాలి. గ్వావాలో ఇంట్, బైట్ లాంటి ఒక్కో ప్రిమిటివ్ (ఆబ్జెక్ట్ కాని) టైప్‌కి ఒక్కో క్లాస్, అన్నిట్లోనూ టుఅర్రే ఉంది. ప్రాజెక్ట్‌లో ముందే ఉంటే హాయిగా వాడుకోండి, ఈ ఒక్క పనికోసం మాత్రం కొత్తగా తెచ్చిపెట్టుకోవద్దు.

అసలు తేడా తెలిసేది నల్ (విలువే లేకపోవడం) దగ్గర. ఒక లోడ్ తూకం వేయలేదు, లిస్ట్‌లో నల్ పడింది. మామూలు లూప్, స్ట్రీమ్, గ్వావా మూడూ నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతాయి. అపాచీ వాళ్ల కామన్స్ లాంగ్ లైబ్రరీలోని టుప్రిమిటివ్‌కి నల్ బదులు ఏ విలువ వాడాలో చెప్పొచ్చు, చాలామంది సున్నా ఇచ్చేస్తారు, ఎర్రర్ రాదు, సగటు బరువు మాత్రం చప్పుడు లేకుండా పడిపోతుంది. (దానికి ముందు లిస్ట్‌ని ఇంటిజర్ అర్రే చేసివ్వాలి, అదొక అదనపు కాపీ.) పోనీ స్ట్రీమ్‌లో నల్స్‌ని ఫిల్టర్ చేద్దామంటే, పక్కన లారీ నంబర్ల అర్రే ఇంకొకటి ఉన్నప్పుడు వరస జరిగిపోయి ఒకరి బరువు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అందుకే నల్ వచ్చే అవకాశం ఉన్నచోట నా ఓటు లూప్‌కే. నాలుగు లైన్లు ఎక్కువైనా, ప్రతి విలువా నల్ అవునో కాదో ముందే చూసి, ఎన్నో లోడ్‌కి తూకం లేదో అక్కడికక్కడే చెప్పించొచ్చు. లిస్ట్ లింక్డ్‌లిస్ట్ (గొలుసులా ఒకదానికొకటి కలిపిన లిస్ట్) అయితే గెట్‌తో తిప్పకండి, ప్రతిసారీ చివరనుంచో మొదటినుంచో నడుచుకుంటూ వస్తుంది, ఫర్‌ఈచ్ వాడండి.

నల్ రాదని గట్టిగా తెలిస్తే స్ట్రీమే మేలు. బరువులు ఫైల్ నుంచి చదివేవే అయితే ఆ లైన్ల మీదే మ్యాప్‌టుఇంట్ చేసేయండి, మధ్యలో లిస్ట్ కట్టే పనే ఉండదు.